గాలి సోకిన నేల

మన భాషలో గాలి అన్న మాటకు రెండర్థాలున్నాయి. ఒకటి వీచే గాలి, రెండవది పట్టే గాలి. "గాలివాన వచ్చింది" అన్న నోటితోనే "దానికి గాలి సోకింది" అని కూడా అంటాం. నిఘంటువు తెరిచి తెలుసుకునే సంగతి కాదిది. డెల్టాలో పుట్టిన ప్రతి పిల్లవాడూ ఆ మాటను ఈ రెండర్థాలతోనే నేర్చుకుంటాడు. సముద్రం మీది నుంచి వచ్చిన గాలి ఇళ్లు కూల్చి, చెట్లు విరిచి వెళ్లిపోతుంది. అది వెళ్లిన తరువాత కొందరు మనుషుల్లో ఇంకొక గాలి మిగిలిపోతుంది. వాళ్లు అర్ధరాత్రి లేచి కూర్చుంటారు. తలుపు చప్పుడైతే ఉలిక్కిపడతారు. కంచం ముందు కూర్చుని, ముద్ద ఎత్తకుండానే చేయి కడుక్కుంటారు. దీన్ని ఇవాళ వైద్యులు మనోగాయం అంటున్నారు. మన అమ్మమ్మలు జడుపు అన్నారు, గుండె చెదరడం అన్నారు.

ఈ జడుపుకు గోదావరి డెల్టా ఏ కాలంలో ఏ మందు వేసింది? ఎవరికి వేసింది, ఎవరికి వేయకుండా వదిలేసింది? ఇది వైద్యులకు మాత్రమే సంబంధించిన ప్రశ్న అని నేననుకోను. సాహిత్యం చదివేవాళ్లం, రాసేవాళ్లం, పాఠం చెప్పేవాళ్లం ఈ ప్రశ్నకు ఎంతో కొంత జవాబుదారులం. అందులోనూ అభ్యుదయ పక్షాన నిలబడి విమర్శ రాసిన మనం ఈ విషయంలో కొంత బాకీ పడి ఉన్నాం. ఆ బాకీలో నా వాటా కూడా ఉంది. దాని సంగతి ముందు ముందు చెబుతాను.

జడుసుకున్న పిల్లకు పల్లెటూళ్లలో తెలిసిన దారులు కొన్ని ఉండేవి. ఉప్పూ ఎండుమిరపకాయలతో దిష్టి తీయడం మొదటిది. పొద్దుగూకే వేళ మసీదు గుమ్మంలో నిలబెట్టి సాయిబుగారి చేత ఊదించి తాయెత్తు కట్టించడం రెండవది. మడీ తడీ పాటించే ఇళ్ల పిల్లలు కూడా ఆ గుమ్మంలో వరుసలో నిలబడేవారు. అప్పటికీ తగ్గకపోతే భూతవైద్యుడు. మొదటి రెండింటినీ చూసి ఇవాళ నవ్వడం సులువే. కాని ఒక విషయం గమనించాలి. పిల్ల భయపడిందన్న మాటను ఇల్లంతా ఒప్పుకుంటుంది. "భయమేమిటి, నోరు మూసుకో" అని ఎవరూ అనరు. పెద్దవాళ్లు పని మానుకుని ఆ పిల్లను దగ్గర కూర్చోబెట్టుకుంటారు, ఒంటి మీద చేయి వేస్తారు, రేపటికి తగ్గిపోతుందని చెబుతారు. మంత్రంలో మహిమ లేదు గాని, ఆ చేతిలో ఉంది.

భూతవైద్యుడి సంగతి వేరు. వేపమండలతో కొట్టడం, మిరపకాయల పొగ పెట్టడం, జుట్టు పట్టుకుని ఈడవడం అక్కడ వైద్యంగా చెలామణి అయ్యాయి. ఆ దెబ్బలు తిన్నవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు, అందులోనూ కొత్త కోడళ్లు. తన నోటితో చెప్పలేని మాటను దయ్యం నోటితో చెప్పుకున్న కోడళ్ల కథలు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. దయ్యం పట్టినప్పుడే ఆమె అత్తగారిని ఏకవచనంతో పిలవగలిగింది, మొగుడి మీద ఫిర్యాదు చేయగలిగింది. ఊరంతా చేతులు కట్టుకుని విన్నది కూడా అప్పుడే. విన్న తరువాత కొట్టింది. ఆమె చెప్పిన మాట దయ్యానిది కనుక దానికి ఎవరూ జవాబు చెప్పనవసరం లేకపోయింది.

కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1874లో 'వివేకవర్ధని' పెట్టి, ఇతర మూఢ విశ్వాసాలతో పాటు ఈ దయ్యాల మీదా చేతబడుల మీదా యుద్ధం ప్రకటించారు. ఆ రోజులలో ఆయన బడిపంతులు. అంతకు కొంచెం ముందు ఆయన పనిచేసిన కోరంగి, 1839 నవంబరు ఉప్పెనలో సర్వనాశనమై, మళ్లీ పూర్వపు రేవు కాలేకపోయిన ఊరు. తరతరాలుగా సముద్రం మనుషులను ఎత్తుకుపోతున్న ఆ తీరంలో గాలి పట్టడం, దయ్యం కనిపించడం ఎందుకంత సహజంగా తోచిందో ఊహించడం కష్టం కాదు. పంతులుగారి యుద్ధం న్యాయమైనది. మంత్రగాడిని పీట మీది నుంచి దించవలసిందే. కాని ఆ పీట మీద ఎవరు కూర్చోవాలన్న ప్రశ్నను ఆ తరం వేసుకోలేదు. తరువాతి తరాలూ వేసుకోలేదు. దయ్యం లేదని చెప్పగలిగాం. లేని దయ్యానికి వణుకుతున్న మనిషికి ఏమి కావాలో చెప్పలేకపోయాం.

జడుపు సంగతి ఇలా ఉంటే, చావు విషయంలో మన సమాజానికి ఇంకొక ఏర్పాటు ఉండేది. దాన్ని పలకరింపు అంటాం. చావు జరిగిన ఇంటికి బంధువులు, ఇరుగుపొరుగులు విడతలు విడతలుగా వస్తారు. వచ్చిన ప్రతివారూ అదే ప్రశ్న అడుగుతారు: "ఎలా జరిగింది?" పోగొట్టుకున్నవాళ్లు ప్రతిసారీ మొదటి నుంచి చెబుతారు. ఎప్పుడు నలతగా ఉందన్నాడో, ఏం తిన్నాడో, ఆఖరున ఏమన్నాడో చెబుతారు. ఆడవాళ్లు ఒకరినొకరు పట్టుకుని శోకాలు పెడతారు. చిన్నప్పుడు నాకిది పెద్ద హింసగా కనిపించేది. మానిపోతున్న పుండును ఎందుకు కెలుకుతారు అనుకునేవాణ్ణి. ఇప్పుడు వేరే విధంగా తోస్తున్నది. పది పన్నెండు రోజుల్లో ఆ కథ ఎన్నోసార్లు చెప్పిన మనిషి చేతిలో, ముక్కలు ముక్కలుగా ఉన్న జ్ఞాపకం ఒక వరుసకు వస్తుంది. మొదటి రోజు అరుపుగా వచ్చింది పదో రోజుకు మాటగా వస్తుంది. ఇది ఏ వైద్యశాస్త్రమూ నేర్పకుండానే మన ఆడవాళ్లు నడిపిన వైద్యం.

అయితే అదే పదో రోజున ఏం చేసేవారు? చచ్చినవాడి భార్యకు పసుపు రాసి, పువ్వులు పెట్టి, చేతినిండా గాజులు తొడిగి, ఆ గాజులు పగలగొట్టేవారు, బొట్టు చెరిపేవారు. తొమ్మిది రోజులు ఓదార్చిన చేతులే పదో రోజున ఆ పని చేశాయి. కొన్ని కులాల్లో తల కూడా గొరిగించారు. మన సంప్రదాయంలో అంతా ఉందని గర్వపడేవారు గాని, అందులో ఏమీ లేదని కొట్టిపారేసేవారు గాని ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడరు. గాయం మాన్చే పద్ధతి తెలిసిన సమాజమే, ఫలానా మనిషి గాయం మానకూడదని కూడా నిర్ణయించింది. మొగుడి ముఖం కూడా సరిగా ఎరగని ఎనిమిదేళ్ల పిల్లకు ఏ దుఃఖం ఉంటుంది? ఆమెకు కలిగిన గాయం చావు వల్ల కాదు, ఆ పదో రోజు వల్ల.

1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో పంతులుగారు జరిపించిన మొదటి వితంతు వివాహాన్ని సంఘ సంస్కరణ చరిత్రగానే మనం పాఠాల్లో చెబుతున్నాం. గోగులపాటి శ్రీరాములు, గౌరమ్మల ఆ పెళ్లికి విద్యార్థులు కాపలా కాశారు, పోలీసు బందోబస్తు అవసరమైంది. కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారి డబ్బు సాయం చేసింది. ఇవన్నీ విద్యార్థులకు తెలిసినవే. నాకు మాత్రం ఈ చరిత్రలో అన్నిటికంటె పెద్ద ఘట్టం రాజ్యలక్ష్మమ్మగారి బిందె. వెలి భయంతో వంటవాళ్లు మానుకున్నారు, నీళ్లవాళ్లు మానుకున్నారు. ఆ తల్లి స్వయంగా గోదావరి నుంచి నీళ్లు మోసి, ఇంట్లో ఉన్న వితంతువులకు వండి పెట్టింది. జుడిత్ హెర్మన్ అనే అమెరికన్ మానసిక వైద్యురాలు 1992లో మనోగాయం గురించి ఒక ప్రసిద్ధ గ్రంథం రాసింది. గాయపడిన మనిషి కోలుకునే క్రమంలో మొట్టమొదటిది భద్రత అని ఆమె చెప్పింది. ఇక్కడ నిన్నెవరూ కొట్టరు, ఇక్కడ పడుకుంటే నిద్రపోవచ్చు అన్న నమ్మకం కలిగిన తరువాతే మిగతా వైద్యం. జరిగినదాన్ని తలుచుకుని దుఃఖపడటం రెండవది. తిరిగి మనుషుల్లో పడటం మూడవది. ఆ మొదటి మెట్టును రాజ్యలక్ష్మమ్మగారు హెర్మన్ పుస్తకానికి నూరేళ్ల ముందే, ఏ పేరూ పెట్టకుండా కట్టింది.

శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి 'అరికాళ్లకింద మంటలు' కథను ఈ దృష్టితో మళ్లీ చదవమని విద్యార్థులకు నా మనవి. ఇంటెడు చాకిరీ చేసే బాలవితంతువు రాత్రివేళ గడప దాటి జట్కా ఎక్కి, వీరేశలింగంగారి తోటకు దారి పడుతుంది. కథ ఆమె బయలుదేరడం వరకే. తోటలోకి వెళ్లిన తరువాత ఆమె ఏమైందో శ్రీపాద రాయలేదు. అది కథకుడిగా ఆయన నేర్పే. కాని కథ ఆగినచోటే మన సంస్కరణ చరిత్ర కూడా ఆగిపోయిందని నాకనిపిస్తుంది. పంతులుగారి 'స్వీయ చరిత్రము'లో పెళ్లిళ్లు చేయడానికి ఆయన పడ్డ పాట్లున్నాయి. ఖర్చులున్నాయి, ఉత్తరాలున్నాయి, మోసపోయిన సందర్భాలున్నాయి. ఆ తోటలో చేరిన పిల్లలు రాత్రిళ్లు ఏ కలలు కని లేచారో, పుట్టింటి పేరు వింటే ఏమయ్యేవారో, కొత్త మొగుడి చేయి తగిలితే ఏ భయం లేచేదో నేను వెతికితే అందులో కనిపించలేదు. ఇది పంతులుగారి తప్పని అనను. ఆ కాలానికి ఆ ప్రశ్నే లేదు. ఆశ్రయం దొరికింది, పెళ్లయింది, సమస్య తీరిందని అందరూ అనుకున్నారు. రెండవ మెట్టు, అంటే ఆ పిల్లను కూర్చోబెట్టి ఆమె చెప్పింది చెప్పినట్టు వినడం, కట్టకుండానే మిగిలిపోయింది.

సరిగ్గా ఆ కాలంలోనే ప్రపంచంలో మరొక చోట ఆ మెట్టు మీద పని మొదలైంది. 1895లో వియన్నాలో బ్రాయర్, ఫ్రాయిడ్ కలిసి హిస్టీరియా రోగుల మీద ఒక పుస్తకం వేశారు. అణచిపెట్టిన జ్ఞాపకం ఒంటి జబ్బుగా పైకి వస్తుందని, దాన్ని మాటల్లో పెట్టగలిగితే జబ్బు సడలుతుందని వారు వాదించారు. మొదటి ప్రపంచ యుద్ధంలో, ఒంటి మీద గాయం లేకుండానే జ్ఞాపకం పోయిన, చూపు పోయిన సైనికుల గురించి 1915లో చార్లెస్ మయర్స్ రాశాడు. వాళ్లను పిరికిపందలన్నారు. కొందరిని కాల్చి చంపారు కూడా. వియత్నాం యుద్ధం నుంచి తిరిగి వచ్చిన సైనికులు పోరాడిన ఫలితంగా 1980లో అమెరికన్ మానసిక వైద్యుల సంఘం ఈ జబ్బుకు తన పట్టికలో పేరు పెట్టింది. యుద్ధం నుంచి వచ్చినవాడికీ, అత్యాచారానికి గురైన ఆడదానికీ, వరదలో బిడ్డను పోగొట్టుకున్న తల్లికీ లక్షణాలు ఒక్కటేనని తేలడానికి ఇంతకాలం పట్టింది.

ఈ చికిత్స ఎలా పనిచేస్తుందో రెండు మాటలు చెప్పాలి, ఎందుకంటే మనవాళ్లలో చాలామందికి ఇది ధర్మోపన్యాసం అనుకునే అలవాటుంది. మామూలు జ్ఞాపకం గడిచిపోయినదిగా ఉంటుంది. గాయపు జ్ఞాపకం అలా ఉండదు, ఇప్పుడే జరుగుతున్నట్టు వస్తుంది. వాసనగా వస్తుంది, చప్పుడుగా వస్తుంది, గుండె దడగా వస్తుంది. అది రాకుండా ఉండాలని మనిషి దాన్ని గుర్తుచేసే ప్రతిదానినీ తప్పుకు తిరుగుతాడు. తప్పుకున్నకొద్దీ భయం పెరుగుతుంది. చికిత్సలో మొదట ఆ దడను తట్టుకునే పద్ధతులు నేర్పుతారు. తరువాత ఓపిక పట్టగలిగినంత మేరకు, కొంచెం కొంచెంగా, ఆ రాత్రి దగ్గరకు తిరిగి తీసుకువెళ్తారు. తప్పంతా తనదేనన్న నమ్మకం ఉంటే దాన్ని రోగితో కలిసి పరీక్షిస్తారు. బలవంతంగా చెప్పించడం చికిత్స కాదు. విపత్తు జరిగిన వెంటనే బాధితులను కూర్చోబెట్టి ఒక్కసారిగా అంతా చెప్పించే పద్ధతి ఒకప్పుడు పాశ్చాత్య దేశాల్లో వాడుకలోకి వచ్చింది. దానివల్ల మేలు లేదని, కొందరికి కీడే జరగవచ్చని 2000 తరువాత జరిగిన సమీక్షలు తేల్చాయి. మన పలకరింపు ఇక్కడ మెరుగు. ఎవరికి చెప్పాలో, ఎంత చెప్పాలో దుఃఖపడేవాళ్లే తేల్చుకుంటారు.

మళ్లీ మన డెల్టాకు వస్తే, తెలుగులో ఈ రెండవ మెట్టు మీద కాలు పెట్టిన నవల రాసినవాడు ఏలూరులో పుట్టిన బుచ్చిబాబు. 1946-47లో 'నవోదయ'లో వచ్చిన 'చివరకు మిగిలేది' నవలలో దయానిధి గాయం యుద్ధంలో తగిలింది కాదు. తల్లి నడతను గురించి లోకం చెవులు కొరుక్కున్న మాట అది. ఆ మాట అతడి ప్రతి ప్రేమలోనూ అడ్డుపడుతుంది, వివాహంలో అడ్డుపడుతుంది, స్నేహంలో అడ్డుపడుతుంది. దయానిధి వృత్తి వైద్యం. తనకు మాత్రం వైద్యుడు లేడు. నవల పొడుగునా అతడు తనకు తానే రోగి, తనకు తానే వైద్యుడు. మనిషికీ మనిషికీ మధ్య కాదు, తనకూ తనకూ మధ్య సమాధానం కుదరాలన్నది అతడు చివరికి చేరుకున్న చోటు.

నా వాటా బాకీ ఇక్కడ ఉంది. ఎం.ఏ. చదివే రోజుల్లో ఈ నవల మీద నేనొక పత్రం రాశాను. మధ్యతరగతి వ్యక్తివాదం, సంఘర్షణ నుంచి పలాయనం, ఫ్రాయిడ్ పులుముడు అని ఖండించాను. క్రిస్టఫర్ కాడ్వెల్ ఫ్రాయిడ్ మనస్తత్వ శాస్త్రాన్ని బూర్జువా శాస్త్రంగా విమర్శించిన వ్యాసం (అది ఆయన స్పెయిన్ యుద్ధంలో చనిపోయిన తరువాత, 1938లో పుస్తకంగా వచ్చింది) నాకు పెద్ద ఆయుధం. మంచి మార్కులు వచ్చాయి. కాడ్వెల్ విమర్శలో బలం ఉంది, ఇప్పటికీ కాదనను. మనసును సమాజం నుంచి విడదీసి చూపడం అబద్ధమే. కాని నేను చేసింది అది కాదు. సమాజం పేరు చెప్పి మనసును లెక్కలోంచి తీసేశాను. దయానిధి గాయానికి కారణం ఆడదాని శీలం మీద కాపలా కాసే సమాజమే కదా, ఇంతకంటె సామాజికమైన గాయం ఏముంటుంది అన్న ప్రశ్న అప్పుడు నాకు తట్టలేదు.

నాకంటె ముందే తట్టవలసినవాళ్లకు కూడా తట్టలేదు. ఫ్రాంట్జ్ ఫానన్‌ను మన పత్రికలు వలస వ్యతిరేక యోధుడిగా గౌరవించాయి. ఆయన అల్జీరియాలోని బ్లిదా ఆస్పత్రిలో మానసిక వైద్యుడు. 1961లో వచ్చిన ఆయన గ్రంథంలో ఒక అధ్యాయం మొత్తం రోగుల కథలే. చిత్రహింసలు అనుభవించినవాడి కథా ఉంది, చిత్రహింసలు పెట్టి పెట్టి ఇంటికి వెళ్లి పెళ్లాం బిడ్డలను కొడుతున్న పోలీసువాడి కథా ఉంది. హింస గురించి ఆయన రాసిన మొదటి అధ్యాయాన్ని మనం చదివినంతగా ఈ అధ్యాయాన్ని చదవలేదు. విప్లవకారుడు కుర్చీ వేసుకుని కూర్చుని రోగి మాట వినడం మనకు కొంచెం ఇబ్బందిగా తోచి ఉండవచ్చు.

ఇక 1996 సంగతి. నవంబరు 6, బుధవారం. దీపావళి నాలుగు రోజులుంది. ఆ రాత్రి కాకినాడకు దక్షిణంగా తీరం దాటిన తుఫాను, గంటకు సుమారు 200 కిలోమీటర్ల వేగంతో కోనసీమ మీదుగా పోయింది. వెయ్యిమందికి పైగా చనిపోయారు. చేపలవేటకు వెళ్లిన వందలాది పడవల మనుషులు తిరిగి రాలేదు. భైరవపాలెం, బలుసుతిప్ప వంటి మత్స్యకార గ్రామాలు మగదిక్కు లేనివైపోయాయి. తెల్లవారి చూస్తే కొబ్బరి తోటలన్నీ ఒకే దిక్కుకు తలలు పెట్టి పడుకున్నాయి.

గాలివాన మనిషిని ఎక్కడ తాకుతుందో పాలగుమ్మి పద్మరాజు మనకు ఎన్నడో చూపించాడు. 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ ప్రపంచ కథల పోటీలో రెండవ బహుమతి పొందిన ఆ కథలో, ఒక పెద్దమనిషి జీవితమంతా కూడబెట్టుకున్న విలువలు ఒక్క రాత్రిలో చెదిరిపోతాయి. అతడు ఏ మనిషిని చూసి చీదరించుకున్నాడో ఆ ముష్టిమనిషే ఆ రాత్రి అతడికి ధైర్యం. కథ తెల్లవారడంతో ఆగిపోతుంది. మాకు 1996లో అసలు కథ తెల్లవారిన తరువాతే మొదలైంది.

ఆ తుఫానులో పలకరింపు పనిచేయలేదు. ఊరికి ఒక చావైతే మిగతా ఊరు వచ్చి పలకరిస్తుంది. ఊరంతా చావైతే ఎవరు ఎవరిని పలకరించాలి? "ఎలా జరిగింది" అని అడిగేవాడికీ అదే జరిగింది. ఇక సముద్రం మీద పోయినవారి భార్యల పరిస్థితి మరీ దారుణం. శవం రాలేదు, కనుక పదో రోజు లేదు. గాజులు తీయాలో ఉంచాలో తెలియదు. చట్టం కూడా మామూలుగా ఏడేళ్లు ఆచూకీ లేని మనిషినే చనిపోయినట్టు భావిస్తుంది. అమెరికాలో పాలిన్ బాస్ అనే ఆవిడ ఇటువంటి తేలని ఎడబాటు మీద ఏళ్ల తరబడి పనిచేసి, దుఃఖాల్లోకెల్లా ఇది మానడం కష్టమని రాసింది. పోయాడని ఏడిస్తే తానే చంపినట్టు ఉంటుంది, ఏడవకపోతే ఊపిరాడదు. వాళ్లకు బియ్యం వచ్చాయి, కిరసనాయిలు వచ్చింది, ఇళ్లు కూడా వచ్చాయి. వినేవాళ్లు రావడం చాలా అరుదు. జాతీయ మానసికారోగ్య కార్యక్రమం 1982 నుంచీ కాగితం మీద ఉంది. దాని జిల్లా కార్యక్రమం సరిగ్గా ఆ 1996లోనే దేశంలో కొద్ది జిల్లాల్లో మొదలైంది. మన రాష్ట్రం నుంచి మెదక్‌ను ఎంచుకున్నారు. డెల్టా ఆ జాబితాలో లేదు. మూడేళ్ల తరువాత ఒడిశా పెనుతుఫానులో బెంగుళూరు నిమ్హాన్స్ వారు ఊళ్లలోని మామూలు కార్యకర్తలకు వినడంలో, ఓదార్చడంలో శిక్షణ ఇచ్చారు. ఆ పని మూడేళ్ల ముందు మా దగ్గర జరిగి ఉంటే అని నేను చాలాసార్లు అనుకున్నాను.

అప్పుడు నేను ఇంటర్మీడియెట్ విద్యార్థిని. మాది కోనసీమలో ఒక మాదిరి రైతు కుటుంబం. తోటలో 120 చెట్లుండేవి, తెల్లవారేసరికి తొమ్మిది నిలబడ్డాయి. మా నాన్న ఆ రోజు నుంచి మాట తగ్గించాడు. పొద్దున్నే లేచి తోటలోకి వెళ్లి మొదళ్లు లెక్కపెట్టి వచ్చేవాడు. గాలి వీస్తే లోపలికి వెళ్లి గడియ పెట్టేవాడు. కాసేపటికి లేచి గడియ తీసేవాడు, మళ్లీ పెట్టేవాడు. గాలి సోకిందన్నారు. తాయెత్తు అయింది, భూతవైద్యుడు అయ్యాడు. "వాల్తేరు తీసుకెళ్లండి" అని ఒకరన్నారు. మా వైపు ఆ మాటకు పిచ్చాసుపత్రి అని అర్థం. మా అమ్మ ఆ రాత్రంతా ఏడ్చింది. చివరకు ఎవరి ద్వారానో కాకినాడలో ఒక మానసిక వైద్యుడి దగ్గరకు తీసుకువెళ్లాం.

ఆయన మందులు రాశాడు. కాని పదిహేను రోజులకొకసారి రమ్మని, వెళ్లినప్పుడల్లా ముప్పావుగంట కూర్చోబెట్టుకునేవాడు. చెట్ల గురించే అడిగేవాడట, ఏ చెట్టు ఎప్పుడు నాటారు, ఏది బొండాలకు మంచిది అని. నాలుగైదుసార్లు తిరిగాక తుఫాను నాటి సాయంత్రం గురించి కొంచెం, ఆ తరువాత రాత్రి గురించి కొంచెం. అయిదారు నెలలకు ఒకరోజు బస్సులో తిరిగి వస్తూ నాన్న మా అమ్మతో చెప్పాడు. నేను వెనక సీట్లో ఉన్నాను.

ఆ రాత్రి మా తలుపు ఎవరో కొట్టారు. మాది డాబా ఇల్లు. పాలెంలో అన్నీ తాటాకు ఇళ్లు. మా దగ్గర పాలికాపుగా ఉన్న మనిషి, భార్య, చిన్న పిల్లవాడు వచ్చారు. నాన్న గడియ మీద చేయి వేశాడు. తలుపు తీస్తే గాలి లోపలికి దూరి కప్పు లేచిపోతుందని భయపడ్డాడు. అది నిజమైన భయమే. కాని గడియ మీద చేయి వేసి ఆలోచించిన ఆ కాసేపట్లో ఇంకొక ఆలోచన కూడా వచ్చిందట: వీళ్లను ఎక్కడ కూర్చోబెట్టాలి, వంటింట్లోంచి తీసుకుపోవాలి కదా అని. అంతలో చప్పుడు ఆగిపోయింది. వాళ్లు బడి వైపు పరుగెత్తారు. భార్యాభర్తలు బతికారు. పిల్లవాడి మీద గోడ పడింది.

నాన్న లెక్కపెడుతున్నది చెట్లను కాదని మాకు అప్పుడు తెలిసింది. ఈ కథను నేను ఇన్నేళ్లూ ఎక్కడా రాయలేదు. ఇప్పుడు రాయడానికి కారణం నా పాత పత్రం. మనసు లోతుల్లోకి దిగడం సమాజాన్ని మరిచిపోవడమని అందులో రాశాను. మా నాన్న మనసులో ఆ వైద్యుడు ఆరు నెలలు తవ్వితే అట్టడుగున దొరికింది ఏమిటి? ఒక తలుపు. ఇవతల డాబా, అవతల తాటాకు. కులమూ ఆస్తీ కలిసి ఆ గడియ మీద చేయి వేసి నిలబడ్డాయి. ఏ అర్థశాస్త్ర గ్రంథమూ మా నాన్నకు చూపించలేనిదాన్ని ఆ ముప్పావుగంటలు చూపించాయి. ఆయన తనంతట తాను చూశాడు. అంతకుముందు ఎవరైనా వేలెత్తి చూపి ఉంటే కర్ర పట్టుకుని ఉండేవాడు.

ఆ వారమే ఒక సాయంత్రం నాన్న పాలెం వెళ్లాడు. నన్ను వెంట రమ్మన్నాడు. ఆ మనిషి పనికి వెళ్లాడు, ఆయన భార్య గడప దగ్గర కూర్చుని ఉంది. నాన్న చాలాసేపు ఏమీ అనలేకపోయాడు. ఆవిడే అడిగింది: "ఆ రేత్రి మా బుల్లోడు పిలిసేడండీ. ఇనపడిందాండీ మీకు?" నాన్న "వినపడిందమ్మా" అన్నాడు. ఆవిడ తల ఊపి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. క్షమించానని అనలేదు, నాన్న అడగనూ లేదు. ఆ తరువాత గాలి వీచినప్పుడు ఆయన గడియ దగ్గరకు వెళ్లడం తగ్గింది. పూర్తిగా మానలేదు. కొబ్బరి మొక్కలు కాపుకు రావడానికి ఆరేడేళ్లు పట్టింది. అవి కాపుకు వచ్చేనాటికి ఆయన మామూలుగా మాట్లాడుతున్నాడు. ఆవిడకు మాత్రం ఏ వైద్యుడి దగ్గరా ముప్పావుగంట దొరకలేదు. బస్సు చార్జీలు మాకున్నాయి, వాళ్లకు లేవు. ఇది కూడా ఈ చరిత్రలో భాగమే.

2017లో వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఈ చికిత్సను ప్రతి పౌరుడికీ హక్కుగా రాసింది. 2022 అక్టోబరులో టెలీ మానస్ అని ఒక ఉచిత ఫోను సేవ మొదలైంది, నంబరు 14416. హక్కు కాగితం మీది నుంచి పాలెం దాకా రావడానికి ఎంతకాలం పడుతుందో 1982 నాటి కార్యక్రమం చూసినవాళ్లకు నేను చెప్పనవసరం లేదు. గోవాలో, జింబాబ్వేలో వైద్య చదువులు లేని స్థానికులకే శిక్షణ ఇచ్చి ఈ పని చేయించారు, ఫలితాలు వచ్చాయి. మన పలకరింపు తెలిసిన ఆడవాళ్లకు ఆ శిక్షణ ఎంత తొందరగా పడుతుందో ఆలోచించండి.

క్రిందటి నవంబరులో వాయుగుండం పట్టి బడికి సెలవు ఇచ్చే ముందు, తొమ్మిదో తరగతి బోర్డు మీద ఆ నంబరు రాశాను. ఎవరికైనా గుండె దడగా ఉన్నా, ఇంట్లో పెద్దవాళ్లకు నిద్ర పట్టకపోయినా దీనికి ఫోను చేయవచ్చని చెప్పాను. వెనక బెంచీలో ఒక కుర్రాడు లేచాడు. 1996 నాటికి వాళ్లమ్మ కూడా చిన్నపిల్ల.

"అక్కడ తెలుగులో మాట్లాడతారాండీ?"

మాట్లాడతారని చెప్పాను.

"మా నాయనమ్మ మాట్లాడే తెలుగేనాండీ?" అన్నాడు.